బఫెలో పట్టణము – మంచు దారులు



అమెరికా పటములో న్యూయార్క్ రాష్ట్రమును చూడండి. అందరికీ పేరు తెలిసిన మహానగరము ఆగ్నేయ మూలన సముద్రపు ఒడ్డున ఉంటుంది. అదే రాష్ట్రపు పడమటి కొసన, ఈరీ అనే పెద్ద సరస్సు తూర్పు అంచున బఫెలో పట్టణమున్నది. నయాగరా జలపాతము అక్కడికి సుమారు అరగంట దూరము. మనవాళ్ళు చాలామంది వేసవిలో వెళ్ళి, జలపాతము చూచి, ఫోటోలు దిగి తిరిగి వచ్చేస్తారు. ఆ ఊరి అసలు రూపము చూడాలంటే జనవరిలో వెళ్ళాలి. అక్కడి తెలుగు విశ్వాసుల గృహకూటములలో వాక్యము చెప్పుటకు పది దినములు ఆ ఊరిలో గడిపే భాగ్యము దేవుడు నాకు దయచేశాడు. అక్కడ చూచినవీ, మన కుటుంబములకు ఉపయోగపడునవీ కొన్ని వ్రాస్తున్నాను.

సరస్సు కురిపించే మంచు

బఫెలోలో ఏటా సగటున 95 అంగుళాల మంచు పడుతుంది. అంటే దాదాపు ఎనిమిది అడుగులు. ఇంత మంచుకు కారణము ఆ సరస్సే. ఈరీ సరస్సు సుమారు 240 మైళ్ళ పొడవు. ఎండకాలమంతా కాగిన నీరు చలికాలము మొదట్లో ఇంకా కొంత వెచ్చగానే ఉంటుంది. ఉత్తర దిక్కునుండి దిగివచ్చిన అతి చల్లని గాలి ఆ నీటిమీదుగా పొడవునా వీచినప్పుడు తేమను పీల్చుకొని, పైకి లేచి, మేఘమై, తూర్పు ఒడ్డు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఆ మేఘము సన్నని పట్టెడ వలె ఉంటుంది. అందుచేత ఒక పేటలో మనిషి ఎత్తు మంచు పడితే, పది మైళ్ళ అవతల నేల పొడిగా ఉండవచ్చును.

2014 నవంబరులో అలాగే జరిగింది. పట్టణమునకు దక్షిణ తూర్పుల నున్న ఊళ్ళలో ఐదారు అడుగులు, కొన్నిచోట్ల ఏడు అడుగులకు పైగా పడింది. ఉత్తరపు పేటలలో మాత్రము కొద్ది అంగుళాలే. ఈ సరస్సు ఐదు మహా సరస్సులలో లోతు తక్కువది గనుక శీతాకాలము ముదిరితే పైన గడ్డకట్టుకుపోతుంది. అప్పుడు గాలికి తేమ అందక ఈ రకపు మంచు తగ్గుతుంది. అలాగని నిశ్చింతగా ఉండుటకు వీలులేదు. 1977 జనవరి 28న వచ్చిన తుఫానులో, గడ్డకట్టిన సరస్సుమీద పేరుకొన్న మంచునే గాలి ఎత్తి ఊరిమీద పోసింది. 2022 క్రిస్మస్ దినములలో వచ్చిన తుఫానులో ఆ ప్రాంతములో నలభైమందికి పైగా చనిపోయారు. కార్లలో చిక్కుకొన్నవారు కొందరు, చలికి ఇండ్లలోనే పోయినవారు కొందరు, మంచు ఎత్తుతూ గుండె ఆగి పోయినవారు కొందరు. ఆ క్రిస్మస్‌కు ఎన్నో ఆలయములు తెరుచుకోలేదు.

యోబు గ్రంథములో దేవుడు మంచు దాచిన నిధులను గూర్చి యోబును ప్రశ్నిస్తాడు. ఒంగోలులోనో నెల్లూరులోనో కూర్చుండి చదివినప్పుడు అది మనకు కవిత్వమువలె ఉంటుంది. బఫెలోలో తలుపు తీసి చూస్తే ఆ ప్రశ్న మనలనే అడిగినట్టుంటుంది.

క్లౌ దొరగారు పుట్టిన సీమ

ఈ మంచు సీమకూ మన తెలుగు సంఘములకూ పాత బంధుత్వమున్నదని చాలామందికి తెలియదు. బఫెలోకు దక్షిణముగా కారులో గంటన్నర వెళితే ఫ్రూస్‌బర్గ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఒంగోలు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1836లో పుట్టినది అక్కడే. ఆయన బాల్యములోనే ఆ కుటుంబము పశ్చిమ రాష్ట్రములకు తరలిపోయింది. 1866లో ఆయన ఒంగోలు చేరారు. 1876-78 మహా కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి, కూడు దొరికేటట్టు చేశారు. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. సువార్త చెప్పిన ఆ నోరే కాలువకు కొలతలు వేసింది. చేతిపని, భక్తి ఆయనకు వేరువేరు కాదు. అందుకే ఒక సంఘకాపరి యంత్రము సంగతి వ్రాయుట వింతగా తోచినా నేను సంకోచించడము లేదు.

ఇంటింటికీ ఒక యంత్రము

తెల్లవారకముందే ఊరంతా ఇంజన్ల మోత వినబడుతుంది. మన పల్లెలలో పవర్ టిల్లర్ తిరుగుతున్నట్టే ఉంటుంది. అవి మంచు విసిరే యంత్రములు. అక్కడివారు స్నో బ్లోయర్ అంటారు. ఎక్కువ భాగము గ్యాసుతో నడుస్తాయి. గ్యాసంటే మన వంటగ్యాసు కాదు. పెట్రోలునే వారు గ్యాసంటారు. ఇంటి వాకిలినుండి వీధివరకు కారు దారి ఉంటుంది. ఆ దారి తెరిస్తేనే ఉద్యోగమునకు, బడికి, ఆరాధనకు పోగలరు. అంబులెన్సు రావలసినా అదే దారి.

ఈ యంత్రపు కథ కూడా వినదగినదే. 1870లో కెనడాలోని డల్హౌసీ ఊరివాడైన రాబర్ట్ కార్ హారిస్ అనే ఆయన రైలు పట్టాలమీద మంచు తీయుటకు మరమేకు వంటి యంత్రమునకు పేటెంటు తీసుకొన్నాడు. క్విబెక్ ప్రాంతపు ఆర్థర్ సికార్డ్ 1925లో మోటారుతో నడిచే స్నో బ్లోయరును తయారుచేశాడు. గింజ నూర్చే యంత్రమును చూచి ఆయనకు ఆ ఆలోచన వచ్చినదని చెబుతారు. చేతితో తోసుకొని వెళ్ళే చిన్న యంత్రములు 1950లనుండి ఇండ్లకు వచ్చాయి.

పెద్ద రకపు యంత్రములో పని రెండు అంచెలుగా జరుగుతుంది. ముందర మెలితిరిగిన ఇనుప రెక్కలు మంచును కోసి మధ్యకు తెస్తాయి. వెనుకనున్న ఫ్యాను ఆ మంచును పట్టి, గొట్టముగుండా చాలా అడుగుల దూరము విసురుతుంది. చిన్న రకములో ఒకటే అంచె. ముందరి రెక్కలే విసురుతాయి. పెద్ద యంత్రపు పిడికి రెండు లివర్లుంటాయి. ఒకటి చక్రములకు, ఒకటి రెక్కలకు. పట్టుకొన్నంతసేపే అవి తిరగాలి. చెయ్యి వదిలితే ఆగాలి. చెయ్యి నొప్పి పుడుతున్నదని ఆ లివరును తాడుతోనో టేపుతోనో కట్టేవారున్నారు. అలా కట్టుట ప్రాణమును కాపాడే తలుపును మూసివేయుటే.

రెక్కలకు షియర్ పిన్ అనే చిన్న మేకు ఉంటుంది. రాయో, గడ్డకట్టిన మంచో అడ్డుపడితే ఆ మేకు విరిగిపోయి గేరుబాక్సును కాపాడుతుంది. అది విరగుటకే పెట్టబడినది. మాటిమాటికీ విరుగుతున్నదని దాని బదులు గట్టి బోల్టు బిగిస్తే, కొద్ది డబ్బుతో పోయేది యంత్రమంతా పోతుంది. అసలు మేకులు నాలుగు ఇంట్లో ఉంచుకొనుట మంచిది.

రెండు వేళ్ళు

నేను బసచేసిన ఇంటి పెద్దాయన గుంటూరు జిల్లావారు. చిన్ననాడు తమ పల్లె ఆలయములో హార్మోనియము వాయించేవారు. అమెరికా వెళ్ళాక కూడా ఆ పెట్టెను తెప్పించుకొని గృహకూటములలో వాయించేవారట. నేను వెళ్ళిన దినమున ఆయన కూతురు వాయించింది. ఆయన ప్రక్కన కూర్చుండి తాళము వేశారు. కుడిచేతి రెండు వేళ్ళు మొదటి కణుపు దగ్గర లేవు.

మూడవ దినమున ఆయనే చెప్పారు. "అయ్యగారూ, మార్చినెల మంచండి. తడి మంచు, పిండి ముద్దలాగా ఉంటది. గొట్టం పూడుకుపోయింది. ఇంజను ఆపానండి. ఆపాను గదా అని చెయ్యి పెట్టా. లోపల ముద్ద కదిలిందో లేదో, ఫ్యాను పావు తిరుగుడు తిరిగిందండి. అంతే."

అమ్మగారు లోపలినుండి అన్నారు: "ఆ రోజు ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యమైతదని తొందరండీ."

ఇంజను ఆగినా ప్రమాదము ఆగదు. అడ్డుపడిన మంచు వలన బెల్టులోను, రెక్కలలోను బిగువు నిలిచిపోతుంది. ఆ అడ్డు తీయగానే బిగువు ఒక్కసారిగా విడుదలై రెక్క తిరుగుతుంది. మన ఊళ్ళలో నూర్పిడి యంత్రములోను, చెరకు గానుగలోను చేతులు పోగొట్టుకొన్నవారిని మనము ఎరుగుదుము. అందులో చాలామంది తెలియనివారు కారు. రోజూ చేసే పని గనుక భయము పోయినవారే.

పాటించవలసిన సంగతులు

మన పిల్లలు, మనుమలు ఇప్పుడు చాలామంది మంచు కురిసే ఊళ్ళలో ఉన్నారు. తల్లిదండ్రులు కూడా చూడబోయి చలికాలమంతా ఉంటున్నారు. ఆ పెద్దాయన తన తరువాత కొత్తగా ఇల్లు కొన్న ప్రతి తెలుగు కుటుంబమునకు స్వయముగా వెళ్ళి చెప్పే మాటలివి. నేను వ్రాసుకొని తెచ్చాను.

మొదటిది, గొట్టములోకి గాని రెక్కలలోకి గాని చెయ్యి పెట్టవద్దు. లివర్లు వదిలి, ఇంజను ఆపి, తాళము తీసి, తిరిగేవన్నీ ఆగేవరకు నిలబడి, స్పార్క్ ప్లగ్ తీగ కూడా విడదీయాలి. ఆ తరువాత యంత్రముతో ఇచ్చిన పలుగు వంటి కర్రతోనే మంచు తీయాలి. చేతికి తొడుగు ఉన్నదని ధైర్యపడవద్దు.

రెండవది, షెడ్డులోగాని గ్యారేజీలోగాని ఇంజను నడపవద్దు. తలుపు తెరిచి ఉన్నా సరే. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మనిషిని నిద్రపుచ్చి చంపుతుంది. మన దగ్గర మూసిన గదిలో జనరేటరు పెట్టుకొని కుటుంబములు పోయినది ఇందువలననే. ఇంటి హీటరు పొగగొట్టము బయటి గోడకు ఉంటే దానిని మంచు మూయకుండా చూచుకోవాలి.

మూడవది, ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు పోయవద్దు. చల్లారనిచ్చి, ఆరుబయట పోయాలి. డబ్బాను నీళ్ళు కాచే హీటరున్న గదిలో ఉంచరాదు.

నాలుగవది, వేలాడే బట్టలు వద్దు. మఫ్లరు, చున్నీ, చీర కొంగు రెక్కకు చిక్కితే క్షణము పట్టదు. జారని బూట్లు, చెవులకు మోత ఆపే తొడుగులు, కళ్ళకు అద్దములు పెట్టుకోవాలి.

ఐదవది, మంచు పడకముందే దారిలోని రాళ్ళు, పిల్లల బొమ్మలు, కాలిపట్టా, నీళ్ళ పైపు తీసివేయాలి. మంచు క్రింద కనబడని రాయి యంత్రములో పడితే గుండువలె బయటికి వస్తుంది. అంచుల వెంట కర్రలు పాతితే దారి తెలుస్తుంది. గొట్టము మనుషుల వైపు, కిటికీల వైపు, వీధి వైపు త్రిప్పవద్దు. పిల్లలు ఇంట్లోనే ఉండాలి. వాలు మీద పైకీ క్రిందికీ నడపాలిగాని అడ్డముగా నడపరాదు.

ఆరవది, మున్సిపాలిటీ బండి వీధి ఊడ్చుకుంటూ పోతూ మన వాకిలి కొసన గట్టి గట్టును వదిలిపోతుంది. యంత్రములు పూడుకొనేది ఎక్కువగా అక్కడే. కొద్దికొద్దిగా, నెమ్మదిగా కోయాలి. గుండె జబ్బున్నవారు పార పట్టకూడదు. యంత్రమునైనా వైద్యుని అడిగే పట్టాలి.

సంరక్షణ విషయము క్లుప్తముగా చెబుతాను. పని ముగిశాక కొద్ది నిమిషములు రెక్కలను ఖాళీగా తిరగనిస్తే మంచు రాలిపోయి గడ్డకట్టదు. ప్రతిసారి ఆయిలు చూడాలి. శీతాకాలము ముగిశాక ఆయిలు మార్చి, ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేసి, లేక అది చెడకుండా మందు కలిపి ఉంచాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి నిలిస్తే చెడి కార్బురేటరును పూడ్చివేస్తుంది. మన దేశములోనూ ఇప్పుడు ఇథనాల్ కలుపుతున్నారు గనుక పంపుసెట్లున్న రైతులకు కూడా ఈ మాట పనికివస్తుంది. బెల్టు, నేలను గీరే ఇనుప పట్టీ, ప్రక్కనుండే ఇనుప పాదములు అరిగాయేమో అక్టోబరులోనే చూడాలి. తుఫాను రాత్రి దుకాణము తెరిచి ఉండదు.

పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి. కట్టక, ఎవరైనా పడితే ఆ రక్తాపరాధము ఇంటివారి మీదికి వస్తుంది. పది ఆజ్ఞలిచ్చిన దేవుడే పిట్టగోడను గూర్చి కూడా చెప్పాడు. జాగ్రత్త పడుట అవిశ్వాసమని కొందరు తలంచుతారు. దేవుడు కాపాడుతాడు గదా అంటారు. నిజమే, కాపాడుతాడు. పిట్టగోడ కట్టుమని చెప్పుట కూడా ఆయన కాపుదలలోని భాగమే. పొరుగువానిని ప్రేమించుట అంటే అతని తలమీద రాయి పడకుండా గొట్టమును ప్రక్కకు త్రిప్పుట కూడా.

బఫెలోలో ఇంకొక ఆచారము చూచాను. తన దారి అయ్యాక ఆ పెద్దాయన యంత్రమును ఆపలేదు. ప్రక్కింటిలో ఒంటరిగా ఉన్న వృద్ధురాలి వాకిలి తీశారు. మంటలార్పేవారికి నీళ్ళందించే వీధి కుళాయి చుట్టూ కూడా తీశారు. ఆమె ఏ సంఘమో, ఏ దేశమో ఆయన అడగలేదు. వేళ్ళు పోయిన చేతితోనే ఆ పిడి పట్టుకొన్నారు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట మంచు కురవకపోవచ్చును. నూర్పిడి యంత్రముంటుంది, మోటారుంటుంది, మిక్సీ ఉంటుంది, గ్యాసు పొయ్యి ఉంటుంది, పిట్టగోడలేని మిద్దె ఉంటుంది. ఈ వారమే ఒకసారి ఇల్లంతా తిరిగి చూడండి. విదేశములలోనున్న మీ పిల్లలకు ఫోను చేసినప్పుడు, భోజనము చేశారా అని అడిగిన తరువాత, మంచు ఎలా తీస్తున్నారని కూడా అడగండి. మన చేతులు దేవుడిచ్చినవి. ప్రార్థనలో ఎత్తుటకు, బల్లయొద్ద రొట్టె అందుకొనుటకు, పొరుగువాని దారి తెరుచుటకు ఆ చేతులను ఆయన భద్రపరచును గాక. ఆమేన్.