వాసనకు పేరుండాలి

ఎండాకాలం మొదట్లో తాడ్వాయి అడవిలో ఇప్పపువ్వు తెల్లవారకముందే రాలుతుంది. ఆ వాసనకు రాత్రి గబ్బిలాలొస్తాయి, ఎలుగొస్తుంది. ఏ దిక్కున చెట్టు రాలుతోందో మా అవ్వ గాలిని బట్టే చెప్పేది. వరంగల్‌లో హాస్టల్లో చదివేటప్పుడు ఈ సంగతి చెబితే, "కుక్కలెక్క వాసన పడుతరా మీరు?" అని తోటి పిల్లలు నవ్వారు.

ఆ నవ్వు వెనుక పాత నమ్మకం ఉంది: వాసన జంతువులది, బుద్ధి మనిషిది అని. 1879లో ఫ్రాన్స్ వైద్యుడు పాల్ బ్రోకా, మెదడులో వాసనకు చెందిన భాగం మిగతా మెదడు ముందు చిన్నదని చెప్పి, మనిషిని వాసన మీద ఆధారపడని జీవుల్లో చేర్చాడు. పుస్తకాలు ఆ మాటనే మోసుకొచ్చాయి. అది నిలవదని 2017లో జాన్ మెక్‌గాన్ అనే శాస్త్రవేత్త ఆధారాలతో వివరించాడు.

జీవులకు కన్ను రాకముందే రసాయనాల జాడ పట్టే శక్తి వచ్చింది. నీటిలో సూక్ష్మజీవులు తిండిని వెతుక్కున్నది దానితోనే. ముక్కులో వాసనను పట్టే గ్రాహకాల జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనుగొన్నారు. 2004లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. పనిచేసే ఈ జన్యువులు ఆఫ్రికా ఏనుగుకు దాదాపు 2000, ఎలుకకు 1000కి పైగా, మనిషికి సుమారు 400. మనలో వందల జన్యువులు పనిచేయకుండా పోయిన మాట నిజమే. అయినా ఆ 400తోనే మనం ఎంతో పట్టగలం. తొలకరి మట్టివాసనలోని జియోస్మిన్ లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మన ముక్కుకు తెలుస్తుంది.

తేడా ముక్కులో కంటే అలవాటులో, భాషలో ఎక్కువ. మలేషియా అడవుల్లో వేట, సేకరణలతో బతికే జహాయ్ ప్రజలు రంగులకు చెప్పినంత సులువుగా వాసనలకూ పేర్లు చెబుతారని 2014లో ఒక పరిశోధన చూపింది. అదే పరీక్షలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు తడబడ్డారు. పులిని రప్పించే నెత్తుటి వాసనకు జహాయ్ భాషలో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది.

తెలుగులో నీసు, మాడు, కమురు, ముక్క వాసనలున్నాయి. మన భాషల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఎవరం లెక్కపెట్టలేదు. ముక్కు కోట్ల ఏళ్లలో తయారైంది, ఒక్క తరంలో పోదు. వాసనల పేర్లు మాత్రం ఒక్క తరంలోనే పోతాయి. టీచర్లకు నా మనవి ఒకటే: సెలవులకు ఇంటికెళ్లే పిల్లలను, పెద్దలనడిగి అయిదు వాసనల పేర్లు సొంత భాషలో రాసుకురమ్మనండి. ఏ వాసన, ఏ కాలంలో, దేన్నిబట్టి వస్తుందో పక్కనే రాయమనండి.