నిలుచు చోటు లేని యాజ్ఞ

సెల్ ఫోనులో ఒక తెరనుండి మఱియొక తెరకు పోవుట వ్రేలితో తాకినంత పని యని చదువరులకు తోచును. ఆ తెరలను కూర్చువారికి అది యంత సులభము కాదు. మావారు పనిచేయు బడిలోని పిల్లల తల్లులకై మేము ఫ్లట్టరుతో చిన్న యాప్ నొకదానిని కూర్చుచున్నాము. బిడ్డ బడికి రానిచో తల్లి ఫోనునకు వార్త పోవలెను. దానిని తాకగానే ఆ బిడ్డ పేరుగల తెరయే యెదుట నిలువవలెను. ఇల్లు విడిచిన బిడ్డ బడి చేరనినాడు తల్లి ఏవో తెరలలో తడుముకొనుచుండుట మాకు సమ్మతము కాదు.

ఫ్లట్టరులో తెరలు కుండల దొంతివలె ఒకదానిపై నొకటి యుండును. క్రొత్తతెర పైకెక్కును, వెనుకకు మరలినచో పైది తొలగి క్రిందిది కనబడును. ఈ దొంతిని పాలించునది నావిగేటరు. దానిని పిలుచుటకు కాంటెక్స్టు, అనగా పిలుచు భాగము తెరలో ఎచ్చట నున్నదో తెలుపు ఆనవాలు, కావలెను. స్టాటిక్ కోడునకు అది లేదు. క్లాసనగా ఇచట బడి తరగతి కాదు, కజ్జికాయల అచ్చువంటిది. తెరమీది భాగములు ఆ అచ్చునుండి వచ్చిన కజ్జికాయలు. స్టాటిక్ కోడు అచ్చునే అంటిపెట్టుకొని యుండును. పళ్లెములో దానికి చోటెక్కడిది?

ఇందులకు ఉపాయము గ్లోబల్ కీ. మెటీరియల్ యాప్ నకు మొదటనే నావిగేటర్ కీ యను తాళపుచెవి నిచ్చి, దానిని అందఱికిని అందునట్లుంచిన, స్టాటిక్ కోడు సహితము నావిగేటరును పట్టగలదు. తొలి తెర యేర్పడక ముందు మాత్రము దాని కరెంట్ స్టేట్ శూన్యము; చూచుకొనియే వాడవలెను. రియాక్ట్ నేటివ్ వాడువారును ఇట్టి ఉపాయమునే చేసి, ఈజ్ రెడీ యని అడిగి మఱి ముందుకు పోదురు. కొందఱు కాంటెక్స్టునే స్టాటిక్ చరరాశిలో దాచుదురు. అది మాకు నచ్చదు. ఆండ్రాయిడులో యాక్టివిటీ నిట్లు దాచినచో, తెర మూసిన తరువాతను అది మెమొరీని విడువదు.

తాళపుచెవికిని లొంగని తలుపొకటి కలదు. యాప్ తెరమీద లేనపుడు వార్త నందుకొను ఫైర్ బేస్ హ్యాండ్లరు ఆండ్రాయిడులో వేరొక ఐసొలేటున నడచును. ఐసొలేటుల మెమొరీ ఉమ్మడి కాదు. అచ్చట మన తాళపుచెవి పేరునకే యుండును. కావున తెర మార్చు పని అచ్చట పెట్టక, తల్లి వార్తను తాకిన పిమ్మటనే చేయవలెను. యాప్ వెనుక నడచుచున్నచో ఆన్ మెసేజ్ ఓపెన్డ్ యాప్, పూర్తిగా మూసియున్నచో గెట్ ఇనీషియల్ మెసేజ్ ఆ వార్తను చేతికిచ్చును. పలువురు మొదటిదానితో తృప్తిపడి రెండవదానిని విడిచెదరు. ఇంటిపనిలో మునిగిన తల్లి ఫోనులో యాప్ మూసియుండదా?

మీట నొక్కు చోట కాంటెక్స్టు చేతిలోనే యుండగా దొడ్డిదారి యేల? అందుచే తాళపుచెవిని మేము రెండు పనులకే యుంచితిమి. ఒకటి ఈ వార్త. రెండవది, లాగిన్ గడువు తీరినపుడు ప్రవేశపు తెరకు మరలించుట. ఈ రెండవదానిపై మా యింట వాదము జరిగినది. ఫోను ఇంటిల్లిపాది చేతులు మారునది గనుక పాత తెరలన్నిటిని తొలగింపవలెనని మావారి మాట. సెలవు చీటి సగము వ్రాసిన తల్లి శ్రమ మాటేమని మేమంటిమి. తెరలు తొలగింపబడినవి, సగము చీటి మాత్రము ఆమె పేరనే భద్రముగా నుండి, ఆమె మరల ప్రవేశించినపుడు విడిచిన వాక్యము వద్దనే తెఱచుకొనును.