మృగశిర కబుర్లు: గాలాలు బయటికొచ్చాయి

మృగశిర కార్తె వచ్చిందంటే మా మూసాపేటలో ఎండ తగ్గినా తగ్గకపోయినా చేపల బేరాలు మాత్రం మొదలవుతాయి. భరత్‌నగర్ వైపు రోడ్డు పక్కన టబ్బుల్లో రవ్వ, బొచ్చె ఎగిరెగిరి పడుతుంటే, జనం కొర్రమీను రేటు అడగడం, ఓ నవ్వు నవ్వడం, కిలో రవ్వ కోయించుకుని వెళ్లడం. సముద్రపు చేపకి ఇది అదను కాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట బంద్. అందుకే కార్తె నాడు చెరువు చేపదే రాజ్యం.

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వారి చేప ప్రసాదం కూడా ఇప్పుడే. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి ఉబ్బసం ఉన్నవాళ్లతో మింగిస్తారు. శాకాహారులకైతే బెల్లంలో ఇస్తారు. నాకా మందు మీద నమ్మకం లేదు. ఊళ్లు దాటొచ్చి, పిల్లల్ని చంకనేసుకుని క్యూలో నిలబడ్డవాళ్లను చూసి నవ్వాలని మాత్రం అనిపించదు.

ఇక మా అపార్ట్‌మెంట్ కబురు. హైటెక్ సిటీలో నైట్ షిఫ్టు చేసే కుర్రాడొకడికి గాలం పిచ్చి పట్టింది. ఫోన్లో ఎక్కడివో కొండ వాగులు, మోకాలిలోతు నీళ్లలో నిలబడి దారం గాల్లో ఊపుతున్న మనుషులు. “అన్నా, మనమూ ట్రౌట్ పట్టాలి, ఎటు పోదాం?” అని లిఫ్టులో పట్టుకున్నాడు. ఆ వేటలో ఎర్రలుండవు, బెండుండదు. చిన్న గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగులా తయారుచేస్తారు. దానికి బరువే ఉండదు కాబట్టి, దూరం విసరాలంటే లావుపాటి దారం బరువే దాన్ని మోసుకెళ్లాలి. నేర్పంతా ఆ ఊపులోనే.

పట్టడానికి ట్రౌట్ ఉండాలి కదా! అది మన దేశపు చేపే కాదు. 1900 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు కాశ్మీరుకు తెచ్చారు, తర్వాత నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో వదిలారు. మనకు దగ్గరంటే అవే. బొర్రా గుహల దగ్గర్నుంచి భీమిలి దాకా పారే గోస్తనిని చూస్తే ఆశ పుడుతుంది: కొండ ఉంది, లోయ ఉంది, చివర్లో అందమైన సముద్రం ఉంది. చల్లదనమే లేదు. నీళ్లు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కి ఇబ్బందే.

“మరి రంగారెడ్డి జిల్లాలోనే ఉందట కదన్నా!” అన్నాడు. నిజమే, కందుకూరు మండలంలో రెయిన్‌బో ట్రౌట్ పెంచే ఫారం వచ్చింది. నీళ్లను చల్లబరిచి, శుభ్రం చేసి, మళ్లీ మళ్లీ తిప్పే ట్యాంకులు. ప్లేట్లోకి వచ్చే చేప అది, గాలానికి కాదు.

నన్నడిగితే మన కొర్రమీను చాలు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయింది. గాలి పీల్చడానికి పైకొస్తుంది, కప్పను చూస్తే ఊరుకోదు. రబ్బరు కప్పను గుర్రపుడెక్క అంచున మెల్లగా లాగితే నీళ్లు పగిలినట్టు దూకుతుంది. అయితే వానల్లో నీటి మీద నారింజ రంగు పిల్లల గుంపు కనిపిస్తే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టే. అక్కడ గాలం వేయొద్దని కుర్రాడికి గట్టిగా చెప్పాను. కాపలా పోతే ఆ పిల్లలు మిగతా చేపలకి ఫలహారమే. మన కాముని చెరువులో వేస్తానన్నాడు. ఆ మురుగులో పడింది ఏదైనా వండుకోవద్దు బాబూ అన్నాను.

వానలు ముదిరితే గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లెత్తుతారు. 1908 మూసీ వరద చూశాక కట్టిన చెరువులవి, 1920లో ఒకటి, 1927లో ఒకటి. గేట్ల కింద వలలు పట్టుకుని ఎగబడే సరదా మాత్రం వద్దు. పోలీసులు తరిమేది ఊరికే కాదు.

ఆ లోపు గోదావరికి ఎర్రనీళ్లొస్తాయి, పులస సముద్రం నుంచి ఎదురీదుతూ వస్తుంది. కుర్రాడి అత్తగారిది రాజమండ్రి. గాలాలన్నీ అటక మీద పెట్టేసి ఈసారి సెలవు అటే పెట్టుకోమన్నాను, ఒక ముక్క మాకూ పంపమన్నాను. పులస రేటు విన్నాక కుర్రాడు ముక్క సంగతి మాత్రం ఇంకా తేల్చట్లేదు.