వణికే పిలగానికి ముందు బువ్వ పెట్టాలె



చలికాలమొస్తే పేపర్ల మన ఊర్ల పేర్లే: సిర్పూర్ (యు), గిన్నెధరి, అర్లి (టి). హాస్టల్ల ఉన్నప్పుడు మేం తెల్లారకముందే లేసి చన్నీళ్లు పోసుకునేటోళ్లం. "అడవి పిలగాండ్లకు చలేంది?" అని నవ్వేటోళ్లు. వణుకు కనబడొద్దని పండ్లు బిగవట్టేటోళ్లం.

తర్వాత చదువుకుంటే తెలిసింది. చలి తగలగానే మెదడులోని హైపోథాలమస్ ముందు చర్మం కింది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అది చాలకపోతే కండరాలను వణికిస్తుంది. అక్కడ ఖర్చయ్యే శక్తి వేడిగా మారి ఒంటిని 37 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. పసిపిల్లలకు వణకడం సరిగా రాదు. వాళ్లకు మెడ, భుజాల దగ్గరుండే గోధుమరంగు కొవ్వే వేడినిస్తుంది.

అంటే వణుకు ఒంట్లో రాజేసుకున్న నెగడు. దానికి కట్టెలు మనం తినే బువ్వ. కడుపు ఖాళీగుంటే ఆ నెగడు ఎంతసేపు మండుతది? బాగా చల్లబడ్డ పిలగాని వణుకు ఆగి, మాట తడబడి, మత్తు కమ్మితే చలి తగ్గిందనుకోవద్దు. అది ప్రాణం మీదికొచ్చినట్టే. వెంటనే వెచ్చగ కప్పి దవాఖానకు తీస్కపోవాలె.

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు మన పాత హాస్టళ్లకు పోదాం. తమ్ముళ్లకు, చెల్లెండ్లకు దుప్పట్లున్నయా, వేడినీళ్లున్నయా, పొద్దుగాల కడుపునిండ తింటున్నరా అని అడుగుదాం. మేం అప్పుడు అడగలేకపోయినం.

జోహార్.