పంపు కూడా జడీబూటీ బిడ్డే

దమా మా ఇంటికి నానీ తరఫు నుంచి వచ్చిన జహేజ్. నానీకి ఉండేది, అమ్మీకి ఉంది, మామూకి ఉంది. ఇప్పుడు మా ఆపా చిన్నకొడుక్కీ మొదలైంది. అందుకే ఎవరు ఏ నుస్ఖా చెప్పినా మావాళ్లు కాదనరు. కలోంజీ నూనె, అడూసా ఆకు కషాయం, జోషాందా, ఛాతీకి జిందా తిలిస్మాత్. ఉర్దూ మీడియంలో చదివినందుకు ఆ సీసాల మీద ఇబారత్ చదివిపెట్టే పని చిన్నప్పట్నుంచీ నాదే.

మావాళ్లు కాదనేది ఒక్కదాన్నే, పంపుని. "అది అలవాటైతే ఇక వదలదు బేటీ, అందులో స్టెరాయిడ్ ఉంటదంట" అని ఖాలాజాన్ ఫోన్లో ఆపాని భయపెడుతుంది. జడీబూటీ ఖుదా ఇచ్చింది, పంపు కంపెనీ ఇచ్చింది. మా ఖాందాన్‌లో హిసాబ్ ఇంతే.

ఈ హిసాబ్ మామూని ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చెప్తాను. మూడేళ్ల కింద ఆయన పంపు పక్కన పడేసి, ఎవరో చెప్పిన చోటు నుంచి ఒక సఫూఫ్ తెచ్చుకున్నాడు. కాగితం పొట్లాలు. పేరు లేదు, అందులో ఏముందో రాసి లేదు. అడిగితే "ఖాందానీ రాజ్" అన్నారట. నేను చదవడానికి ఒక్క హర్ఫ్ కూడా లేని మందు మా ఇంట్లోకి రావడం అదే మొదలు. మూడు రోజుల్లో దమా మాయం. మస్జిద్ మెట్లు గబగబా ఎక్కేస్తుంటే మాషా అల్లా అనుకున్నాం. నాలుగు నెలలకు మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ పెరిగింది, చెయ్యి ఎక్కడ తగిలినా నీలంగా కమిలిపోవడం. డాక్టరమ్మ మొహం చూస్తూనే షక్ పడింది. రక్తపరీక్షలో, ఒళ్లు తనంతట తాను తయారు చేసుకోవాల్సిన కార్టిసాల్ పూర్తిగా పడిపోయి ఉంది. బయట నుంచి స్టెరాయిడ్ విపరీతంగా లోపలికి వెళ్తేనే ఇలా అవుతుందంది.

దేశీ మందు పేరుతో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ కలిపి అమ్మడం చాలా దేశాల్లో పట్టుబడిన మోసమే. ఇక్కడ తూకం చూడండి. పంపులో ఒక పఫ్‌కి ఉండే బుడెసొనైడ్ 200 మైక్రోగ్రాములు, అదీ ఎక్కువగా ఊపిరితిత్తుల కోసమే. ఒక చిన్న ప్రెడ్నిసొలోన్ బిళ్ల 5 మిల్లీగ్రాములు, అంటే 5000 మైక్రోగ్రాములు. అది నెత్తురులో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. స్టెరాయిడ్‌కి భయపడి పంపు మానేసిన మనిషి రోజూ పొట్లంలో తిన్నది అదే. ఒక్కసారిగా ఆపితే జాన్‌కే ఖత్రా కాబట్టి, మోతాదు మెల్లగా తగ్గిస్తూ రావడానికి నెలలు పట్టింది.

నా గుస్సా ఆ పొట్లం మీద. జడీబూటీ మీద కాదు. రాజ్ పెట్టడం యూనానీ పద్ధతే కాదు. పాత ఖరాబాదీన్ ఏది తెరిచినా ప్రతి నుస్ఖా పక్కన ఏ మూలిక ఎన్ని తులాలో, ఎన్ని మాషాలో రాసి ఉంటుంది.

పంపు పుట్టుపూర్వోత్తరాలు చూసినా మన జడీబూటీలే కనిపిస్తాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన కిస్సా రోజర్ ఆల్టూన్యన్‌ది. 1922లో పుట్టాడు, డాక్టరు. సిరియాలోని హలబ్‌లో ఆస్పత్రి నడిపిన ఆర్మేనియన్ డాక్టర్ల ఖాందాన్. తనకే దమా. ఈజిప్టు పల్లెల్లో మూత్రపిండాల రాళ్ల నొప్పికి ఖెల్లా అనే మొక్క గింజలు కాచి తాగేవాళ్లు. అందులోని ఖెలిన్ అనే పదార్థాన్ని మార్చి మార్చి ఇంగ్లండులో కొత్త మందులు తయారు చేస్తుంటే, తజుర్బా ఎవరి మీద? తన మీదే. గినీ పందుల వెంట్రుకల అర్ఖ్ పీల్చి కావాలని దమా తెప్పించుకుని, ఏ మందు ఆపుతుందో చూసుకునేవాడు. ఏళ్ల తరబడి, వందల మందులు. 1965లో క్రోమోగ్లైకేట్ దొరికింది. ఆ పొడి పీల్చడానికి, పైలట్‌గా చేసిన అనుభవంతో, లోపల చిన్న విమానం పంకా తిరిగే పరికరం కూడా తనే తయారు చేశాడు. కాప్స్యూల్ పెట్టి పీల్చే పరికరాల్లో అది తొలి తరానిది.

మిగిలినవీ తక్కువేం కాదు. అమ్మీ వాడిన డెరిఫిలిన్‌లో ఉన్న థియోఫిలిన్‌ని 1888లో కోసెల్ అనే జర్మన్ చాయ్ ఆకు నుంచి తీశాడు. అలాగని చాయ్ తాగితే దమా పోదు, అందులో ఉండేది చాలా కొంచెం. ఉమ్మెత్త పొగ పీల్చే ఇలాజ్ 1802లో మన మద్రాసు నుంచే ఇంగ్లండు వెళ్లింది. ఆకులో విషం ఎంతుందో తెలియక అవస్థపడిన వాళ్లూ ఉన్నారు. అందులోని అట్రోపిన్‌ని సవరించి, నెత్తురులోకి పెద్దగా పోకుండా చేసినదే నెబ్యులైజర్‌లో వేసే ఇప్రట్రోపియం. అడూసా, అంటే మన అడ్డసరం, దాని వాసిసిన్ దారిలోనే బ్రోంహెక్సిన్ వచ్చింది. అది బల్గం పలచబరుస్తుంది, దమా వాపుని తగ్గించదు. ఇక ఖాలాజాన్ భయపడే స్టెరాయిడ్! 1940లలో రసెల్ మార్కర్ మెక్సికో అడవి దుంప నుంచి హార్మోన్లు తయారు చేసే దారి చూపించాకే స్టెరాయిడ్ మందులు చవకయ్యాయి.

అయితే అన్ని పంపులూ మొక్కల సంతానం కావు. ఆయాసం ఎక్కువైనప్పుడు కొట్టుకునే సాల్బుటమాల్ అడ్రినలిన్ వంశం.

మరి కలోంజీ? హదీస్ మీద నాకూ ఈమాన్ ఉంది. ఇలాజ్ చేయించుకోమన్నదీ రసూలుల్లాయే కదా. 2017లో సౌదీ పరిశోధకులు 80 మంది దమా మరీజులను రెండు భాగాలు చేసి, సగం మందికి కలోంజీ నూనె 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు నాలుగు వారాలు ఇచ్చారు. వాళ్లకి దమా కొంచెం అదుపులోకి వచ్చింది. ఊది చూసే పరీక్షలో మాత్రం చెప్పుకోదగ్గ ఫరక్ రాలేదు. చిన్న తజుర్బా, మంచి కబురే. కానీ పంపు పక్కన పడెయ్యమని చెప్పే కబురు కాదు.

ఇదంతా పోయిన జుమా నాడు ఖాలాజాన్‌కి చెప్పాను. పిల్లాడికి కలోంజీ పెట్టాలనుంటే ముందు డాక్టర్ని అడిగి పెట్టు, పంపు మాత్రం ఆపొద్దు, పీల్చాక నోరు పుక్కిలించమను అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఆ మెక్సికో దుంప మనం తినేదేనా?"

"మన పెండలానికి చుట్టం ఖాలా" అన్నాను.