విశాఖలో ఆలుమగల సాయంకాలములు

నెలకొక సాయంకాలమైనను భార్యాభర్తలిద్దరే, పిల్లలు లేక, చుట్టములు లేక, ఇంటిపని తలపునకు రాక కలిసి గడుపవలెనని నేనన్నచో మీలో కొందరు నవ్వుకొందురు. మరికొందరు "అంత తీరికయు, అంత ధనమును మాకెక్కడివమ్మా!" అందురు. ఆ రెండవ మాటకు సమాధానముగా ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాను.

మాది విశాఖపట్టణము. మహారాణిపేటలో కాపురము. సముద్రము మా యింటికి పదినిమిషముల నడక. అయినను పెండ్లియైన తొమ్మిదేండ్లవరకు మేమిద్దరమే ఆ ఒడ్డునకు పోయిన దినములు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. ఊరినుండి చుట్టములు వచ్చినప్పుడు వారిని తీసికొనిపోయి సముద్రము చూపించుటయే కాని, మాకొరకు మేము పోయినది లేదు.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మా పట్టణముపై విరుచుకొనిపడెను. చెట్లు కూలెను. దీపస్తంభములు నేలకొరిగెను. కొన్నిదినములు మా వీథికి విద్యుద్దీపములు లేవు, ఫోనులు మూగవోయెను. రాత్రులు మా అత్తగారు పిల్లలకు కథలు చెప్పి నిద్రపుచ్చుచుండగా, మేమిద్దరము డాబామీద చాప పరచుకొని కూర్చుండెడివారము. అవి బహుళపక్షపు రాత్రులు. చంద్రుడు ఆలస్యముగా వచ్చుచుండెను. ఆ చీకటిలో ఒకనాడు మా వారు, తమ కొలువులో ఏడాదినుండి పడుచున్న ఇబ్బంది నొకదానిని చెప్పిరి. ఏడాదినుండి! దినమునకు రెండుపూటలు ఎదుట నిలిచి వడ్డించుచున్న నాకు ఆ సంగతి తెలియదు. "ఇన్నాళ్ళు నాతో ఏల చెప్పలేదు?" అని కొంత కినుకతోనే అడిగితిని. "ఎప్పుడు చెప్పుదును? మనము మాటలాడుకొన్నప్పుడెల్ల పాలవాని లెక్క, పిల్లల బడిజీతము, గ్యాసు బండ" అనిరి. నాకు మారుమాట తోచలేదు.

దీపములు వెలిగిననాడు వీథివారందరు సంతోషించిరి. నేనును సంతోషించితిని గాని, ఆ డాబామీది మాటలు దీపములతోనే ఆరిపోవునేమో యను భయము నన్ను వదలలేదు. అప్పుడే నిశ్చయించుకొంటిని, తుపాను రాకయే నెలకొక సాయంకాలము మా యిద్దరికొరకు తీసిపెట్టవలెనని.

అడ్డంకి ధనము కాదని మొదటి నెలలోనే తెలిసినది. అడ్డంకి సిగ్గు. కొడుకును కోడలును పిల్లలను వదలి షికారునకు పోవుదురని అత్తగారితో చెప్పుటెట్లు? గుడికనియు, దుకాణమునకనియు సాకులు చెప్పుట నాకిష్టములేదు. చివరకు ఒకనాడు ఆమె కాళ్ళకు నూనె రాయుచు, ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆమె కొంతసేపు పలుకక, "మీ మామగారును నేనును ఈ ఊర నలువదియేండ్లు కాపురము చేసితిమి. ఒక్కనాడైనను ఇద్దరమే పోయి ఆ ఇసుకలో కూర్చుండలేదమ్మా. ఆయనకు తోచలేదు, నేనడుగలేదు. పిల్లలను నేను చూచెదను, మీరు పోయిరండు" అనెను. ఆ మాట విన్ననాటినుండి నేనెవరికిని సాకులు చెప్పలేదు.

ఇక ఎక్కడికి పోవలెను, ఎట్లు పోవలెను అను సంగతి. కానీ ఖర్చులేని దానితో మొదలిడెదను.

మన తీరము తూర్పుతీరము. విశాఖలో సూర్యుడు సముద్రమునుండి లేచును గాని సముద్రమున క్రుంకడు. మన వెనుకనున్న కొండలచాటున, మేడలచాటున క్రుంకును. సూర్యాస్తమయము చూతమని ఒడ్డునకు వచ్చినవారు నీరు క్రమముగా నల్లబడుట చూచి నిరాశతో మరలుదురు. అట్టివారు పంచాంగము చూచి రావలెను. పూర్ణిమనాడు సూర్యుడస్తమించు వేళకే చంద్రుడు ఎదుటి నీటినుండి పైకి వచ్చును. మార్గశిరమున అది ఇంచుమించు అయిదున్నరకే. జ్యేష్ఠాషాఢములలో ఆరున్నర ప్రాంతమున. ఆ మరునాటినుండి చంద్రోదయము దినమునకు ఇంచుమించు ముప్పావుగంటకు పైగా ఆలస్యమగుచుండును. కావున వంట ముగించి, పిల్లలకు అన్నముపెట్టి రాదలచిన గృహిణికి పూర్ణిమకంటె విదియయే అనుకూలము. మొదట నీటియంచున మసక. తరువాత రాగిపళ్ళెము వంటి బింబము. పిదప మీ పాదములవరకు వెలుగుబాట. దీనికి టికెట్టు లేదు. ఇంటినుండి ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకొనుడు. మనసైనచో అక్కడ నిప్పులపై కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒకటి, ముంతమసాలా పొట్లమొకటి కొనుడు.

అమావాస్య దినములలోను కొరత లేదు. రేవులో చోటుకొరకు వేచియున్న ఓడలు దూరముగా లంగరు వేసికొనియుండును. చీకటి పడగానే వాని దీపములు నీటిపై ఒక చిన్న వీథివలె కనబడును. దక్షిణమున డాల్ఫిన్ ముక్కు అను కొండపైనుండి దీపస్తంభపు వెలుగు తిరుగుచుండును. మా వారు ఆ వెలుగు మరల ఎన్ని క్షణములకు వచ్చునో లెక్కించుచుందురు. నేను లెక్క తప్పింతును.

ఒక్క హెచ్చరిక. రామకృష్ణ మిషన్ ఆశ్రమము పేరబరగు ఈ తీరమున నీటిలోనికి దిగుట ప్రమాదకరము. అడుగున ఇసుక జారును. వెనుకకు పోవు నీరు మనుష్యుని లాగికొనిపోవును. ఈత వచ్చినవారును ఇచ్చట ప్రాణములు కోల్పోయిరి. పాదములు తడుపుకొన్న చాలును. చీకటిపడిన తరువాత దీపములును జనమును ఉన్నచోటనే కూర్చుండవలెను.

పాతనగరము ఎరుగనివారు ఒక సాయంకాలము అటు పోవలెను. 1933లో తెరువబడిన ఓడరేవు ప్రక్కన మూడు కొండలు చేరువగానున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల, ఒకదానిపై ఇసాక్ మదీనా దర్గా, రాస్ కొండ అనుదానిపై మేరీమాత దేవళము. పైనుండి చూచినచో ఓడలు కాలువలోనికి వచ్చుటయు పోవుటయు కనబడును. ఎక్కుట కొంచెము ఆయాసము. ఎండ తగ్గినపిదప బయలుదేరి, చీకటి పడకముందే దిగవలెను.

కొద్దిపాటి ఖర్చునకు సిద్ధపడినచో భీమునిపట్టణమునకు పోవచ్చును. మా పట్టణమునకు ఉత్తరమున సుమారు ఇరువదియైదు కిలోమీటర్లు. దారిలో చాలభాగము ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రము. 2025 ఆగస్టు 15వ తేదీనుండి మన ఆంధ్రప్రదేశమున స్త్రీలు సిటీ ఆర్డినరీ మొదలగు ఆర్.టి.సి. బస్సులలో ఉచితముగా ప్రయాణము చేయుచున్నారు. ఆధారు వంటి గుర్తింపుకార్డు వెంటనుండవలెను. కావున ఆలుమగల ప్రయాణమునకు ఒక్క టికెట్టు ఖర్చు. మొదటిమారు నేను నా సంచినుండి చిల్లర తీసి మా వారి టికెట్టు కొని, "ఈ దినము మిమ్ము నేను షికారునకు తీసికొనిపోవుచున్నాను" అంటిని. ఆయన చాలసేపు నవ్విరి.

భీమిలి చిన్న ఊరే గాని పాతది. 17వ శతాబ్దమున డచ్చివారు ఇచ్చట వర్తకపు స్థావరము నిలిపిరి. వారి సమాధులు నేటికిని సముద్రమునకు చేరువగా నున్నవి. 1861లోనే ఇచ్చట పురపాలక సంఘము ఏర్పడెను. గోస్తనీనది సముద్రమును కలియు చోట నీటిరంగు రెండువిధములుగా కనబడుట చూడదగినది. మధ్యాహ్నము మూడుగంటలకు బయలుదేరినచో దీపములవేళకు ఇల్లు చేరవచ్చును. దారిలోనే తొట్లకొండ కలదు. 1976లో నౌకాదళమువారి సర్వేలో బయల్పడిన బౌద్ధవిహారమది. రాతిలో తొలిచిన నీటితొట్లను బట్టి ఆ పేరు వచ్చెను. శిథిలములనడుమ నిలిచి చూచిన క్రింద సముద్రము, గాలిచప్పుడు తప్ప వేరొకటి లేదు. మాటలాడుటకు వచ్చిన దంపతులు మాటలాడకుండ కూర్చుండుటకు అది తగిన చోటు.

మరికొంత ఖర్చు చేయగలవారికి టికెట్టుగల వినోదములు రెండు. తీరముననే కురుసుర అను జలాంతర్గామి యున్నది. 1969లో నౌకాదళమున చేరి, ముప్పదియొక్క సంవత్సరములు సేవచేసి, 2001లో విశ్రాంతిపొంది, 2002నుండి ప్రదర్శనశాలగా నిలిచినది. పొడవు తొంబదియొక్క మీటర్లు; అందు డెబ్బదిమందికి పైగా నావికులు దినములతరబడి నీటి యడుగున కాపురముండిరి. ఒకరు ప్రక్కకు తప్పుకొననిదే వేరొకరు పోలేని దారి, ఒకదానిపైనొకటి పడకలు, గూడువంటి వంటయిల్లు. నేనాదినము ఉదయముననే మా వంటయిల్లు ఇరుకని సణిగియుంటిని. మా వారు ఆ గూడును చూపి ఏమియు అనలేదు. నావంక చూచిరి, అంతే. సోమవారము దీనికి సెలవు.

రెండవది కైలాసగిరి. క్రింద సముద్రపు రోడ్డునుండి తీగెపై నడచు పెట్టెలో, అనగా రోప్‌వేలో, పైకి పోవచ్చును. కొండమీద శివపార్వతుల పెద్ద విగ్రహములు తెల్లగా వెలుగుచుండును. ఉత్తరమున ఋషికొండవైపు తీరము వంకలు తిరుగుచు పోవుట, దక్షిణమున పట్టణమంతయు డాల్ఫిన్ ముక్కువరకు పరచుకొనియుండుట ఒకేచోటినుండి కానవచ్చును. సెలవుదినములలో జనసమ్మర్దము మెండు, పనిదినమున పోవుడు.

సముద్రాభిముఖములైన పెద్దహోటళ్ళలో భోజనము చేయవలెనను కోరిక తప్పుకాదు. మేము పెండ్లిరోజున, ఏడాదికొకమారు పోవుదుము. అందును ఒక కిటుకున్నది. చీకటిపడిన తరువాత కిటికీయద్దములో మన ముఖములే కనబడును గాని సముద్రము కనబడదు. కావున సాయంకాలము నాలుగున్నరకే పోయి కిటికీవద్ద చోటు సంపాదించి, కాఫీయు ఫలహారమును తీసికొనుడు. భోజనమునకగు ఖర్చులో కొంతభాగముతోనే అదే కుర్చీ, అదే సముద్రము మనవగును.

ఇంత చెప్పి, ఒక పొరపాటును దాచుట ధర్మము కాదు. మేము పోయిన మొదటి సాయంకాలము పూర్తిగా చెడినది. ఇసుకలో కూర్చుండిన అయిదు నిమిషములకే నేను పిల్లవాని దగ్గుసంగతి ఎత్తితిని. ఆయన ఫోను తీసిరి. అరగంటలో లేచి వచ్చితిమి. దారిలో ఒకరితోనొకరు పలుకలేదు. తొమ్మిదేండ్లకే మా మాటలు అయిపోయినవా యని ఆ రాత్రి నాకు నిదురపట్టలేదు. మాటలు అయిపోలేదు, మాటలాడు అలవాటు తప్పినది. తప్పిన అలవాటు ఒక్కనాట రాదు. రెండవనెలలో గంటసేపు కూర్చుంటిమి. మూడవనెలలో ఆయన తమ చిన్ననాటి సంగతి యొకటి చెప్పిరి. అది నేను వినినది కాదు.

అప్పటినుండి మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. ఫోను ఒక్కటే వెంటనుండవలెను, అదియు ఇంటినుండి పిలుపు వచ్చినచో పలుకుటకే. పద్దులును, పిల్లల మార్కులును, చుట్టములమీది నేరములును గడపలోపలనే యుండవలెను. దినమునకు పదిరూపాయలు ఒక డబ్బాలో వేయుదుము. నెలకు మూడువందలు; ఒకనెల మిగిలినది మరునెలకు చేరును. రెండు మూడు నెలలు ఇసుకలో కూర్చున్నచో ఒకనెల కైలాసగిరి ఎక్కవచ్చును. దినము ముందుగనే పంచాంగముమీద గీత గీసి ఉంచవలెను. "తీరికయైనప్పుడు" అన్నచో ఆ దినము రాదు. పిల్లలను చూచుకొను పెద్దలు లేని యింటివారు ఇరుగుపొరుగుతో వంతు వేసికొనవచ్చును: ఈ నెల మీ పిల్లలు మా యింట, వచ్చునెల మా పిల్లలు మీ యింట.

మా అత్తగారి మాట నా మనసున ముల్లువలె నిలిచియుండెను. ఒక కార్తిక పూర్ణిమనాడు పిల్లలను పొరుగువారికప్పగించి, ఆమెను మాతో తీసికొనిపోయితిమి. చంద్రుడు పైకి వచ్చువరకు ఆమె ఒక్కమాటయు పలుకలేదు. పిదప తన ప్రక్కనున్న ఇసుకను చేతితో చదును చేయుచు, "ఆయన ఇచ్చట కూర్చుండియుండిన, మొదట ధోవతికి ఇసుక అంటినదని విసుగుకొనును, తరువాత లేచి రమ్మన్నను రాడు" అనెను. మేమిద్దరము నవ్వితిమి. ఆమెయు నవ్వి, కొంగుతో కన్నులు తుడుచుకొనెను.

సోదరీమణులారా! మీ యూర సముద్రము లేకపోవచ్చును. చెరువుగట్టుండును, కాలువ యుండును, డాబా యుండును. ఈ నెల పంచాంగములో ఒక దినమునకు గీత గీయుడు. ఆయనకు తోచనిచో మీరే అడుగుడు.