చుక్కాని నేర్పిన పాఠం

గత మాసంలో సాల్ట్ లేక్‌లోని మా కార్యాలయానికి ఒక ఫైలు వచ్చింది. మన సిబ్బందిని నది దాటించే లాంచీలలో ఒకదాని హైడ్రాలిక్ స్టీరింగ్ పాతబడింది. దానిని మరమ్మతు చేయించాలా, తీసివేసి కొత్తది అమర్చాలా అన్నది ప్రశ్న. మరమ్మతు ఖర్చు మా స్థాయిలో మంజూరు చేయదగినదే. కొత్తదానికైతే ప్రధాన కార్యాలయం అనుమతి, ఆర్థిక విభాగం సమ్మతి, టెండరు తప్పవు. సులువైన దారి ఏదో చెప్పనవసరం లేదు. అయినా కలం తీసి వెంటనే సంతకం చేయలేకపోయాము. పాతికేళ్లనాటి ఒక సాయంత్రం కళ్లముందు నిలిచింది.

మేము పుట్టి పెరిగింది కోనసీమలో. బాల్యంలో గోదావరి లాంచీలు ఎక్కినప్పుడు సరంగు తిప్పే చక్రాన్నే చూస్తూ కూర్చునేవారము. చక్రం నుండి వెనుకనున్న చుక్కాని వరకు ఇనుప గొలుసు, కడ్డీలు సాగి ఉండేవి. గొలుసు వదులైతే కంటికి కనబడేది, కడ్డీ అరిగితే చెవికి వినబడేది. హైడ్రాలిక్ పద్ధతిలో ఆ సౌలభ్యం లేదు. చక్రం తిప్పితే దాని వెనుకనున్న చిన్న పంపు నూనెను గొట్టం గుండా తోస్తుంది. ఆ నూనె సిలిండరులోని పిస్టన్‌ను కదిలిస్తుంది, పిస్టన్ చుక్కానిని తిప్పుతుంది. పదిహేడవ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన ద్రవపీడన సూత్రమే దీనికి ఆధారం. నూనె సులభంగా నొక్కుకుపోదు కనుక చేతి బలం నష్టపోకుండా చుక్కానిని చేరుతుంది. అయితే ఆ నూనెలోకి గాలి చేరినా, లోపలి సీలు అరిగినా బయటికి ఏమీ కనబడదు. తెలిసేది చక్రం మీదున్న చేతికి మాత్రమే.

ఆ రోజులలో మా విభాగపు లాంచీ మీద ఒక వృద్ధ సరంగు ఉండేవారు. పదవీ విరమణకు కొద్ది నెలలే మిగిలి ఉన్నాయి. మేము సాల్ట్ లేక్‌లో కాపురం ఉంటున్నామని తెలిసి ఒకసారి నవ్వి, "ఇంజినీర్ సాబ్, మీ ఇల్లు మా నది మీదే ఉంది" అన్నారు. అందులో అతిశయోక్తి లేదు. 1960 దశకంలో హుగ్లీ అడుగు నుండి తవ్వితీసిన ఇసుకను, ఒండ్రును నీటితో కలిపి, గొట్టాలలో పంపి, ఉప్పు చెరువులను పూడ్చి ఈ నగరాన్ని నిర్మించారు. ఆ పని చేసింది యుగోస్లావియా సంస్థ, ప్రణాళిక రచించింది ఆ దేశపు వాస్తుశిల్పి దోబ్రివోయె తోష్కోవిచ్. డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ పేరిట ఇది బిధాన్‌నగర్ అయింది. ఆ తవ్వకపు పడవల మీద మన సరంగు ఖలాసీగా పనిచేశారట. నదిని అరచేతి రేఖలుగా ఎరిగిన మనిషి.

ఆయన ఆ వేసవిలో మూడుసార్లు మా దగ్గరకు వచ్చారు. మూడుసార్లూ ఒకే మాట. "చక్రం నిలవడం లేదు సాబ్. గట్టిగా పట్టుకున్నా మెల్లగా జారిపోతోంది." మేము వెళ్లి జెట్టీలో కట్టి ఉన్న లాంచీ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాము. సాఫీగానే తిరిగింది. ట్యాంకులో నూనె కొంత తగ్గి ఉంది, పోయించాము. రెండవసారీ అదే చేశాము. మూడవసారి స్టోర్సులో సరైన నూనె లేకపోతే, "ప్రస్తుతానికి బ్రేక్ ఆయిల్ పోయండి" అన్నది కూడా మేమే. లాగ్ పుస్తకంలో మూడుచోట్లా "సరిచూడబడినది" అని వ్రాసి సంతకం చేశాము. తగ్గిన నూనె ఎక్కడికి పోయిందని ఒక్కసారైనా అడగలేదు.

ఒక వర్షాకాలపు సాయంత్రం, షిఫ్టు ముగిసిన ముప్పైమందికి పైగా కార్మికులతో లాంచీ ఆవలి ఒడ్డుకు బయలుదేరింది. ఆ రోజు మేమూ అందులోనే ఉన్నాము. పోటు ఉద్ధృతంగా ఉంది. నది మధ్యకు చేరేసరికి చక్రం ఒక్కసారిగా తేలికై, సరంగు చేతిలో గిర్రున తిరిగింది. చుక్కాని కదలలేదు. పోటు మమ్మల్ని ఎగువన గొలుసులకు కట్టి ఉన్న ఒక బార్జీ వైపు ఈడ్చుకుపోసాగింది. అడ్డంగా దాని ముందుభాగం కిందికి వెళ్తే లాంచీ బోర్లాపడటం ఖాయం. ఇటువంటి సమయానికే చేతితో తిప్పే అత్యవసర టిల్లరు ఒకటి ఉంటుంది. దానిని బిగించవలసిన చోట లైఫ్ జాకెట్ల కోసం చెక్కపెట్టె అమర్చి ఉంది. ఆ పెట్టె డ్రాయింగు మీద ఉన్న సంతకమూ మాదే.

సరంగు కేకలు వేయలేదు. ఇంజను వెనుకకు తిప్పమని గంట కొట్టి, లంగరు వదలమన్నారు. మొదట అది జారింది, తరువాత పట్టింది. లాంచీ మెలితిరిగి బార్జీకి నాలుగు బారల దూరంలో ఆగింది. ఎవరికీ గాయమైనా కాలేదు. ఒడ్డు చేరాక ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అన్నట్లయితే మాకు కొంత తేలికగా ఉండేది.

మరునాడు సిలిండరు విప్పించాము. పిస్టన్ సీలు ఉబ్బి, మెత్తబడి, ముక్కలై ఉంది. ఆ సీళ్లు నైట్రైల్ రబ్బరువి. ఖనిజ నూనెకు అవి తట్టుకుంటాయి, బ్రేక్ ఆయిల్‌కు తట్టుకోలేవు. పిస్టన్ రాడ్డు మీద తుప్పు గుంటలు పడి ఉన్నాయి. దాని పక్కనుండి కారిన నూనె లాంచీ అడుగునున్న మురికినీటిలో కలిసిపోయింది. అంటే మేము పోయించిన నూనె అంతా మా కాళ్ల కిందనే ఉంది. జెట్టీలో మేము చేసిన పరీక్ష ఎందుకు పనికిరాలేదో కూడా అప్పుడే బోధపడింది. నిలిచి ఉన్న లాంచీ చుక్కాని మీద ప్రవాహపు ఒత్తిడి ఉండదు. సీలు బలం తేలేది ఒత్తిడిలోనే.

పంపు సంగతి తేల్చడానికి సరళమైన పరీక్ష ఒకటుంది. సిలిండరు దగ్గరి వాల్వులు మూసి చక్రం తిప్పాలి. చక్రం బిగిసి నిలిస్తే పంపు మంచిది, జారితే పంపులోనే లోపం ఉంది. మాది నిలిచింది. కనుక పంపును శుభ్రపరచి ఉంచుకుని, సిలిండరును, గొట్టాలను, సీళ్లన్నిటినీ మార్చాము. గుంటలు పడిన రాడ్డు మీద కొత్త సీలు వేస్తే ఆ గుంటలే దానిని కోసివేస్తాయి. తరువాత గాలి బుడగలు ఆగేవరకు నూనె పోసి, చక్రం తిప్పి, గాలి వదిలించాము. చెక్కపెట్టె తీయించాము. చివరి పరీక్ష నది మధ్యలో జరిగింది. చక్రం పట్టింది సరంగే. అయిదు నిమిషాలు మౌనంగా పట్టుకుని, తల ఊపారు. ఆ తల ఊపిన తరువాతనే లాగ్ పుస్తకంలో సంతకం చేశాము.

కొత్తది కొంటే చింత తీరుతుందని అనుకోవడమూ పొరపాటే. 1978 మార్చి 16న ఫ్రాన్సులోని బ్రిటనీ తీరాన మునిగిన చమురు ఓడ 'అమోకో కాదిజ్' 1974లో కట్టినది, అంటే దాని వయస్సు నాలుగేళ్లే. హైడ్రాలిక్ స్టీరింగ్‌లో బోల్టులు తెగి, నూనె పోయి, చుక్కాని అదుపు తప్పింది. సుమారు 2,20,000 టన్నుల చమురు సముద్రం పాలయింది. ఆ తరువాతనే పెద్ద చమురు ఓడల స్టీరింగ్‌కు సంబంధించిన అంతర్జాతీయ నిబంధనలు కఠినమయ్యాయి. ఒక భాగం చెడినా చుక్కాని చేజారకుండా రెండవ ఏర్పాటు ఉండాలన్నదే వాటి సారాంశం.

అందుచేత ఆ ఫైలు మీద మూడు ప్రశ్నలు వ్రాసి తిప్పి పంపాము. నడిగంగలో పరీక్షించారా? సరంగు ఏమన్నారు, ఆయన మాటలలోనే వ్రాయండి. అత్యవసర టిల్లరు బిగించడానికి ఎన్ని నిమిషాలు పట్టింది?

వారం తరువాత సమాధానం వచ్చింది. పరీక్షలో సిలిండరూ, పంపూ రెండూ నిలవలేదు. సరంగు పలుకులు బెంగాలీలోనే వ్రాసి పంపారు. అర్థం మాకు చిరపరిచితమే: చక్రం నిలవడం లేదు. మొత్తం మార్చాలని సిఫారసు చేసి ఫైలును ప్రధాన కార్యాలయానికి పంపాము. అనుమతి వచ్చేవరకు ఆ లాంచీని నడపవద్దని ఆదేశించాము. సిబ్బంది ఇప్పుడు ఫెర్రీ కోసం క్యూలో నిలబడి మమ్మల్ని తిట్టుకుంటున్నారని వింటున్నాము. వారి అసౌకర్యానికి మా విచారం తెలుపుకుంటున్నాము.

యువ ఇంజినీర్లకు ఒక్క మనవి. యంత్రం దగ్గరకు వెళ్లే ముందు దానిని రోజూ చేతబట్టే మనిషి దగ్గరకు వెళ్లండి. ఆయన ఒకే మాట రెండవసారి చెబితే, నూనె డబ్బా కోసం కాక పానా కోసం చేయి చాచండి.